నా సంతకం అడగని కాగితం

గర్భవిచ్ఛిత్తి గురించి నాకు చిన్నప్పటి నుంచీ గట్టి అభిప్రాయమే ఉండేది. మాది గుంటూరు లూథరన్ కుటుంబం. 1883లో అమెరికా నుంచి వచ్చిన ఆనా కుగ్లర్ అనే మిషనరీ వైద్యురాలు ఈ ఊళ్లో ఆడవాళ్లకు, పిల్లలకు వైద్యం మొదలుపెట్టారు. ఆమె పేరు మీదున్న ఆసుపత్రిలోనే మా నాయనమ్మ పుట్టింది. కడుపులో బిడ్డ అంటే దేవుడి పని అన్నది మా ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పనవసరం లేని సంగతి. యువజన కూటముల్లో బైబిల్లోని నూట ముప్పై తొమ్మిదో కీర్తన చదివి వివరించే బాధ్యత నాదే. "నేను పిండమునై యుండగా నీ కన్నులు నన్ను చూచెను" అని చదివాక ఇంక చర్చించేదేముంటుందని నా ధీమా.

ఆ వాక్యాన్ని ఇప్పటికీ నమ్ముతాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా సంగతి విన్నవాళ్లలో కొందరు నేను విశ్వాసం వదిలేశానని అనుకున్నారు. ఇంకొందరు, ఇంత జరిగాక కూడా చర్చికి వెళ్తున్నావా అన్నారు. రెండు రకాల వాళ్లకూ నా దగ్గర ఒకే జవాబు ఉంది. అయితే అది ఒక్క వాక్యంలో ఇమిడేది కాదు.

మాకు అప్పటికే ఐదేళ్ల పాప ఉంది. రెండో గర్భం. మూడో నెల స్కాన్‌లో అంతా బాగుందన్నారు. ఐదో నెలలో టిఫా స్కాన్‌కు వెళ్లాం. బిడ్డ అవయవాలన్నీ ఒక్కొక్కటిగా చూసే పరీక్ష అది. గోడ మీద లింగ నిర్ధారణ నేరమని చెప్పే బోర్డు. దాని కింద ఎవరో పాత క్యాలెండరు తగిలించారు. అంతవరకూ సరదాగా మాట్లాడుతున్న డాక్టరమ్మ ఉన్నట్టుండి మాటలు ఆపేశారు. యంత్రాన్ని పొట్ట మీద ఒకే చోట అటూ ఇటూ కదుపుతూ, "నీరు ఏమైనా పోయిందా అమ్మా?" అని అడిగారు. లేదంది మా ఆవిడ. "కాసేపు బయట కూర్చోండి. అరగంట ఆగి మళ్లీ చూస్తాను" అన్నారు.

ఆ అరగంట ఎందుకో తర్వాత అర్థమైంది. కడుపులో బిడ్డ మూత్రాశయం నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది. ఒకసారి కనిపించకపోతే కాసేపాగి చూస్తే కనిపించాలి. మాకు రెండోసారి కూడా కనిపించలేదు. రక్తం పారే దారులు చూపించే రంగుల డాప్లర్ పెట్టి చూశారు. పెద్ద రక్తనాళం నుంచి రెండు వైపులా మూత్రపిండాలకు చీలి వెళ్లాల్సిన కొమ్మలు లేవు. మూత్రపిండాలు రెండూ ఏర్పడలేదు.

మార్పిడి చేయించవచ్చు కదా, నాది ఇస్తాను అన్నాను నేను. నవ్వొచ్చే మాటే. కానీ డాక్టరమ్మ నవ్వలేదు. సుమారు పదహారు వారాలు దాటాక ఉమ్మనీరు చాలావరకు బిడ్డ మూత్రమేనట. మూత్రపిండాలు లేకపోతే నీరు ఉండదు. నీరు లేకపోతే ఊపిరితిత్తులు ఎదగవు. మొదటి నెలల్లో నీరు వేరే దారిన వస్తుంది కాబట్టే మూడో నెల స్కాన్‌లో తేడా తెలియలేదు. పుట్టాక ఊపిరి తీసుకోవడమే జరగదు. కిడ్నీ ఎవరిచ్చినా దాన్ని అందుకునేదాకా బిడ్డ ఉండదు.

విజయవాడలో గర్భస్థ శిశువుల వైద్యం మాత్రమే చూసే మరో డాక్టరు గారి దగ్గరకు వెళ్లాం. ఆయన కూడా అదే చెప్పారు. అమెరికాలో ఉమ్మనీటి సంచిలోకి మాటిమాటికీ ద్రవం ఎక్కించి చూశారని, ఊపిరితిత్తులు కొంత పెరిగి పుట్టినా, డయాలిసిస్ మీద ఉంచినా, ఎక్కువమంది పిల్లలు ఆసుపత్రి దాటి ఇంటికి రాలేదని వివరించారు. మా ఆవిడ ఒకే ప్రశ్న అడిగింది. "ఇలాగే మోస్తే నాకేమైనా అవుతుందా?" ఆయన అబద్ధం చెప్పలేదు. "మీ ప్రాణానికి దీనివల్ల ప్రత్యేకంగా వచ్చే ముప్పు లేదమ్మా. మామూలు కాన్పుకు ఉండేదే. నెలలు నిండేలోపే బిడ్డ గుండె ఆగిపోవచ్చు. లేదా పుట్టి, కొన్ని గంటలు ఉండి పోవచ్చు. మోయాలన్నా, ఇప్పుడే ముగించాలన్నా చట్టం ఒప్పుకుంటుంది. మీ ఇష్టం."

తిరుగు బస్సులో నా మనసును తొలిచేసింది ఆ మాటే. తల్లి ప్రాణం పోతుందంటే సంఘంలో ఎవరూ వేలెత్తి చూపరు. మా పెద్దవాళ్లు కూడా అలాంటి చోట తల వంచుకుని సరేనంటారు. మాకు ఆ తలుపు లేదు. తల్లి క్షేమంగానే ఉంటుంది. బిడ్డ గుండె కొట్టుకుంటోంది. ఆ గుండె ఎప్పుడు ఆగాలన్నది మా చేతికి వచ్చింది. యువజన కూటముల్లో నేను చెప్పిన పాఠాల్లో ఇలాంటి బిడ్డ ఎక్కడా లేదు.

చట్టం సంగతి కొంచెం చెప్పాలి. చాలామందికి తెలియదు. మాకూ తెలియదు. వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం 1971లో వచ్చింది. అప్పటి పరిమితి 20 వారాలు. టిఫా స్కాన్ చేసేదే సుమారు ఆ వేళకు. అంటే లోపం బయటపడేసరికి గడువు దాటిపోయేది. 2008లో ముంబై దంపతులు బిడ్డ గుండెకు తీవ్రమైన లోపం ఉందని కోర్టుకెక్కితే బాంబే హైకోర్టు ఒప్పుకోలేదు. చట్టం మారడానికి ఆ తర్వాత పదమూడేళ్లు పట్టింది. 2021 సవరణతో, బిడ్డకు ఇలాంటి లోపం ఉన్నప్పుడు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు నమ్మి సంతకం చేస్తే చాలు. ఆపైన అయితే ప్రభుత్వం నియమించిన వైద్య మండలి చూడాలి. మా ఆవిడకు అప్పటికి 21 వారాలు దాటాయి. కోర్టు, మండలి అవసరం పడలేదు. కాలం మాత్రం మమ్మల్ని తరుముతూనే ఉంది.

ఈలోపు ఇంటికి మనుషులు రావడం మొదలైంది. మా ఆవిడ వాళ్ల అన్నయ్య సువార్తికుడు. మంచి మనిషి, గొంతు కూడా మంచిది. ఉపవాస ప్రార్థన పెడదాం, దేవుడు ఎండిన ఎముకలకు ఊపిరి పోసినవాడు, రెండు మూత్రపిండాలు పెట్టలేడా అన్నాడు. పెట్టాం. పాటలు పాడాం. మా ఆవిడ అందరితో పాటే మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థించింది. ఆ తర్వాత మరోసారి స్కాన్‌కు వెళ్లొచ్చాం. "బావగారూ, ఇంకో వారం ఆగి చూడండి" అని నాకు చెప్పడానికి వాళ్ల అన్నయ్య ఫోన్ చేస్తే, ఫోన్ మా ఆవిడ తీసుకుంది. "అన్నయ్యా, దేవుడు చేయదలచుకుంటే ఈపాటికి చేసేవాడే. మనం అడిగాం, ఆయన విన్నాడు. ఆయన జవాబు స్కాన్‌లో చూశాను" అని పెట్టేసింది.

అందరూ అడిగింది నన్నే. నువ్వేం నిర్ణయించావు, నువ్వు ఇంటికి యజమానివి కదా అని. మా అమ్మ కూడా, "నీ మాటే ఫైనల్ కదరా" అంది. నేను నిర్ణయించింది ఏమీ లేదు. రాత్రి పాప నిద్రపోయాక మేమిద్దరం వంటింట్లో కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. తను చెప్పిన మాట ఉన్నది ఉన్నట్టు రాస్తాను. "బిడ్డ చుట్టూ నీరు లేదు. గోడలు నొక్కుతున్నాయి. నేను అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు. ఇంకా నాలుగు నెలలు బడికి వెళ్తూ, బస్సెక్కుతూ, అందరూ ఎన్నో నెల అని అడిగితే నవ్వుతూ చెప్తూ ఉండాలి. నేను చేయగలను. కానీ అది బిడ్డ కోసం కాదు, మన పేరు కోసం అవుతుంది." ఆ చివరి మాటకు నా దగ్గర ఏ వాక్యమూ లేదు.

మా పాస్టరు గారు వచ్చారు. అయ్యగారు వస్తున్నారంటే నాకు భయమేసింది. తీర్పు వస్తుందని కాదు. బోలెడు ఓదార్పు మాటలు వస్తాయని. ఆయన చాయ్ తాగి, చాలాసేపు పాప బొమ్మల గురించి మాట్లాడి, ఆ తర్వాత ఒక సంగతి చెప్పారు. గర్భం పోయిన తల్లుల ఊరట కోసం మార్టిన్ లూథర్ 1542లో ఒక చిన్న రచన చేశారట. బాప్తిస్మం లేకుండా పోయిన బిడ్డ ఏమవుతుందోనని బెంగపడే తల్లులకు, నోరు విప్పి అడగలేని మీ మూలుగే దేవుడి దగ్గర ప్రార్థనగా చెల్లుతుందని అందులో ఉందట. మా ఆవిడ వెంటనే అడిగింది, "అది తనంతట పోయినవాళ్లకు కదా అయ్యగారూ?" ఆయన ఒప్పుకున్నారు. కావాలని బిడ్డను నాశనం చేసేవాళ్ల సంగతి వేరని లూథర్ అందులోనే విడదీసి రాశారని కూడా చెప్పారు. "మరి మేము ఏ వైపు?" అంది. ఆయన, "అమ్మా, ఆయన కాలంలో స్కాన్ లేదు" అన్నారు. అంతకుమించి చెప్పలేదు. లూథర్‌ను మా వైపు లాగడానికి ఆయన ప్రయత్నించలేదు, మాకు ఎదురుగా నిలబెట్టడానికీ ప్రయత్నించలేదు. ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చినవాళ్లందరిలో నేను గౌరవంగా గుర్తుపెట్టుకున్న మనిషి ఆయనే.

ఆసుపత్రిలో అంగీకార పత్రం తెచ్చారు. అలవాటు కొద్దీ జేబులోంచి పెన్ను తీశాను. ఇంట్లో బ్యాంకు కాగితమైనా, బడి కాగితమైనా సంతకం పెట్టేది నేనే. నర్సమ్మ కాగితాన్ని నా మీదుగా మా ఆవిడకు ఇచ్చి, "మీది అక్కర్లేదు సార్" అంది. వయసు నిండిన స్త్రీ అయితే ఆమె అంగీకారం ఒక్కటే కావాలి. భర్త ఒప్పుకోలు చట్టంలో లేదు. కొన్నిచోట్ల అడిగి పుచ్చుకుంటారట, గొడవలు వస్తాయేమోనన్న ముందుజాగ్రత్తతో. మా ఆవిడ నా పెన్నే తీసుకుని, మొత్తం చదివి, సంతకం చేసి పెన్ను తిరిగి ఇచ్చింది. ఇంటి యజమాని అన్న మాట అప్పుడు నా చెవుల్లో చాలా వింతగా మోగింది. అంత భారాన్ని తను ఒక్కతే మోస్తుంటే పక్కన ఊరికే నిలబడటం మగవాడికి చేతకాదు. ఏదో ఒకటి చేసేస్తే బాగుండుననిపిస్తుంది. చేసేది ఏమీ లేదు.

మొదటి మాత్ర మింగించి ఇంటికి పంపారు. ఒక రోజు విడిచి మళ్లీ రమ్మన్నారు. ఆ మధ్య రోజు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మాత్ర పని మొదలుపెట్టింది, బిడ్డ ఇంకా ఉంది. తను ఆ రోజు పాపకు తలంటి పోసింది, ఇల్లు సర్దింది, సాయంత్రం నా చేయి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. ఉమ్మనీరు లేకపోవడంతో కదలికలు సరిగ్గా తెలిసేవి కావు. నాకేమీ తెలియలేదు. తనకు తెలిసిందో లేదో చెప్పలేదు.

రెండో రకం మాత్రలు పెట్టాక నొప్పులు వచ్చాయి. ఇది మాత్ర వేసుకుంటే అయిపోయే పని అని నేను అనుకున్నాను. కాదు, అది కాన్పే. గంటల తరబడి నొప్పులు. కాన్పుల వార్డు చివర ఒక గది ఇచ్చారు. అవతల ఎవరో పుట్టి ఏడుస్తూనే ఉన్నారు. తెల్లవారుజామున అయింది. మగబిడ్డ. నా అరచేతిలో తల పెడితే పాదాలు మణికట్టు దాటి కాస్త పైకి వచ్చాయి. ముక్కు కొంచెం అణిగి ఉంది, చెవులు కిందికి ఉన్నాయి, పాదాలు లోపలికి తిరిగి ఉన్నాయి. నీరు లేక నొక్కుకుపోవడం వల్ల అలా అవుతుందని విజయవాడ డాక్టరు గారు ముందే చెప్పారు. వేళ్లకు గోళ్లు వచ్చాయి. నుదురు మాత్రం అచ్చం మా పాప పుట్టినప్పటి నుదురే.

కాసేపటికి ఒక అబ్బాయి పసుపు కవరు పట్టుకుని వచ్చాడు. తప్పు అతనిది కాదు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల్లో ఈ వయసు పిండాన్ని పసుపు సంచిలో వేసి దహనానికి పంపాలని ఉంది. మేము ఇవ్వం, తీసుకువెళ్తాం అన్నాం. వాళ్లు లోపల మాట్లాడుకుని, తెల్లకాగితం మీద రాసివ్వమన్నారు. ఇక్కడ మాత్రం నా సంతకం అడిగారు.

జనన ధ్రువపత్రం లేదు, మరణ ధ్రువపత్రం లేదు. 28 వారాలు దాటి పుట్టిన మృతశిశువును అయితేనే రిజిస్టరు చేస్తారు. సమాధుల తోట చూసే పెద్దాయన పుస్తకం తెరిచి ఏ గడిలో ఏం రాయాలో తెలియక మూసేశారు. పక్కింటి పిన్నిగారు హిందువులు. పసిపిల్లలను మేమూ దహనం చేయం, పూడుస్తాం బాబూ అని, ఒక కొత్త తెల్లగుడ్డ తెచ్చి ఇచ్చారు. బిడ్డకు పేరు పెట్టాం. ఇక్కడ రాయను.

భూస్థాపనలో మా నాన్నగారు అలవాటుగా, బైబిల్లో బిడ్డలను పోగొట్టుకున్న యోబు అన్న మాట ఎత్తుకున్నారు. యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను. మా సంఘంలో ఏ సమాధి దగ్గరైనా వినిపించే మాటే. మొదటి సగం నేనూ అన్నాను. రెండో సగం దగ్గర నోరు రాలేదు. ఇచ్చింది ఆయనే, సందేహం లేదు. తీసుకున్నది ఎవరు? రోగం అని చెప్పుకోవచ్చు. రోగం తీసుకెళ్లేదే, నిజమే. కానీ ఆ వారం, ఆ రోజు తీసుకెళ్లింది రోగం కాదు. ఈ చిక్కుముడిని విప్పమని నేను ఎవరినీ అడగడం లేదు. "మీరు చేసింది అసలు గర్భవిచ్ఛిత్తే కాదు, వైద్యం" అని నా స్నేహితుడొకడు ప్రేమగా అన్నాడు. అదే చట్టం, అదే కాగితం, అవే మాత్రలు. మాకు మర్యాదగా ఉండే పేరు పెట్టుకుని, అదే వార్డులో వేరే కారణంతో పడుకున్న ఆడపిల్లకు ఇంకో పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు.

మిగతాది తొందరగా చెప్పేస్తాను. మూడో రోజున తనకు పాలు వచ్చాయి. ఆపడానికి మాత్ర ఇచ్చారు. అయినా రెండు రోజులు తెల్లగుడ్డ బిగించి కట్టుకుని ఏడ్చింది. మొత్తంలో తను గట్టిగా ఏడ్చింది అప్పుడే. గర్భస్రావానికైనా, ఇలా వైద్యపరంగా ముగించినా ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని అప్పటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉందని తెలుసుకుని, అడిగి తీసుకుంది. తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఒకే మూత్రపిండం ఉంటే మళ్లీ ఇలా జరిగే అవకాశం పెరుగుతుందని మా ఇద్దరికీ స్కాన్ చేశారు. మాకు రెండేసి ఉన్నాయి. పాప మాత్రం తమ్ముడికి ఎందుకు లేవని అడిగింది. దేవుడు మరిచిపోయాడా అంది. లేదమ్మా అన్నాను. అంతకుమించి చెప్పడానికి నాకే తెలియదు.

నా నమ్మకం ఎక్కడుందంటే, ఆ కీర్తనలోనే ఉంది. పిండమై ఉన్నప్పుడే ఆయన కళ్లు చూశాయన్నది నిజమైతే, మా వాడిని కూడా చూశాయి. మూత్రపిండాలు లేకుండా చూశాయి. మా ఆవిడ సంతకం చేస్తుండగానూ చూశాయి. చూసినవాడికి నేను మళ్లీ వివరించనక్కర్లేదు. క్షమాపణ అడిగావా అంటే, అడిగాను. అది తప్పని తేలి కాదు. తేలకే అడిగాను. తను అడగలేదు. అడగనని చెప్పింది. ఇద్దరం ఒకే బల్ల దగ్గర ప్రభు రాత్రి భోజన సంస్కారం తీసుకుంటున్నాం.

ఈమధ్య మా స్త్రీల సమాజంలోనే ఒకామె ఇలాంటి రిపోర్టు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. లోపం వేరు, తీర్పు మాత్రం అదే. నేను లేచి పాపను తీసుకుని బయటకు వెళ్లాను. మా ఆవిడ ఆమెకు ఏ వాక్యమూ చెప్పలేదట. ఇంకో డాక్టరుకు చూపించు, ఎన్ని వారాలో సరిగ్గా కనుక్కో, చదవని కాగితం మీద సంతకం పెట్టకు అని చెప్పిందట. ఆమె మోస్తానంది. మోసింది. బిడ్డ పుట్టి సాయంత్రం వరకు ఉంది. కాన్పు గదిలో ఆమె పక్కన మా ఆవిడే ఉంది.

ఆ తర్వాత ఒక ఆదివారం మా బావగారు కూటమిలో ఆమె గురించి సాక్ష్యంగా చెప్తూ, విశ్వాసమంటే అదీ అన్నారు. మా ఆవిడ వెనక వరుసలోంచి లేచింది. "అన్నయ్యా, ఆమె విశ్వాసం ఆమెది. దాన్ని తెచ్చి నాకు కొలబద్దగా పెట్టకు. ఆమె ఇక్కడే ఉంది, ఆమెను అడిగావా?" అంది. ఆమెను ఎవరూ అడగలేదు. బావగారికి కోపం వచ్చింది, ఇంకా తగ్గలేదు. క్రిస్మస్‌కు మాత్రం వచ్చారు. భోజనం ముందు ప్రార్థన చేయమని నేను ఆయన్ని అడగలేదు. మా ఆవిడే చేసింది, కాస్త పొడుగ్గానే.